మస్కట్‌కు పోయిన బస్తీ మాటలు

డెబ్బైల చివర్లో హైదరాబాద్‌లో ఎం.ఏ. చేరినప్పుడు నా చదువు పేరు మా ఇంట్లో ఎవరికీ ఒక పట్టాన అర్థం కాలేదు. అంతర్జాతీయ సంబంధాలు. మా నాయనమ్మకు అందులో చివరి మాట ఒక్కటే తెలిసింది. ఆమె పుట్టిల్లు బీదర్ పక్క పల్లె. సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేది. "మా పిల్ల పట్నంల సంబంధాల చదువు చదువుతున్నది" అని వీధిలో అందరికీ చెప్పింది.

నేను సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, మొగుడంపల్లి నుంచి ఆమెకు వరసకు చెల్లెలయ్యే ఒకావిడ కొడుకు ఫోటో పట్టుకొని వచ్చింది. చాయ తాగి, ఫోటో నా చేతిలో పెట్టింది.

"పిలగాడు మంచోడు బిడ్డా. పొలం ఉన్నది, బాయి ఉన్నది. జర మంచి సంబంధం జూడు."

నేను నోరు తెరిచేలోగా ఇంకో మాట అంది. "అంతర్జాతీయం అంటున్నరు గద, మాకు గవి వద్దు. మన జాతిల్నే జూడు."

మా నాన్నను నేను బాపు అనేదాన్ని. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకొని వెనకింట్లోకి పోయాడు. నవ్వు మాత్రం ముందు గది దాకా వినబడింది. ఆ తర్వాత అమ్మే ఆ అబ్బాయికి న్యాల్‌కల్‌లో సంబంధం కుదిర్చింది. పేరు నాకు వచ్చింది. పెళ్లిలో నాకు చీర కూడా పెట్టారు.

బాపుకు జహీరాబాద్‌లో అల్లం అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన అల్లం వేలం వేసి బయటి వ్యాపారులకు అమ్మించేవాడు. నా చదువు ఎందుకు పనికొస్తుందని ఆయన ఎన్నడూ అడగలేదు. ఎవరైనా అడిగితే "చదువుత అన్నది, చదువుకోనియ్యి" అని ఊరుకునేవాడు.

ఎం.ఏ. అయ్యాక, ఎనభైల మొదట్లో, అక్కడే పరిశోధనకు చేరాను. గల్ఫ్ దేశాలతో మన దేశానికున్న సంబంధాలు నా విషయం. లైబ్రరీలో ఫ్యాన్ కింద జాగా దొరకబుచ్చుకొని, దుమ్ము పట్టిన నివేదికలన్నీ తిరగేసి, ఒక అధ్యాయం రాసి మా గైడ్‌కు ఇచ్చాను. ఆయనది గోదావరి జిల్లా. ఎంత కఠినమైన మాటనైనా చల్లగా చెప్పేవారు. కాగితాలన్నీ చదివి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"బాగా కష్టపడ్డావమ్మా. చమురు ఉంది, ఓడలు ఉన్నాయి, మంత్రులు ఉన్నారు. మనిషి ఏడీ?"

"ఏ మనిషి సార్?"

"అక్కడికి పనికి వెళ్లే మనిషి. బొంబాయి బస్సులు మీ ఊరి మీదుగానేగా పోయేది? వాటిలో మీవాళ్లెవరూ ఎక్కరా?"

ఎక్కకేం. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు అట్లా బొంబాయి పోయి, విమానమెక్కినవాళ్లున్నారు. నాతో బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలి భర్త మస్కట్‌లోనే ఉన్నాడు. ఆమె ఇంటికి పోయినప్పుడల్లా ఆయన పంపిన సెంటు పూసుకొని వచ్చేదాన్ని కానీ, ఆయన నా పరిశోధనలోకి వస్తాడని తోచలేదు. ఆ మాట చెబితే సారు పెద్దగా నవ్వి, డిపార్ట్‌మెంటు టేప్ రికార్డర్ నా పేరున రాయించి ఇచ్చారు. ఇటుకంత బరువుండేది. దానికి నల్ల తోలు సంచీ, భుజానికి వేసుకునే పట్టీ.

స్నేహితురాలు రైల్వే గేటు అవతలి బస్తీలో ఉండేది. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు కుట్టేది. నేను సంగతి చెప్పగానే "నువ్వు వచ్చి కూసో, అందర్ని నేను పిలుస్త" అంది. మర్నాడు మధ్యాహ్నం ఆ చిన్న గది నిండిపోయింది. అందరి ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. నేను టేపు తిప్పి, రాసుకొచ్చిన ప్రశ్నలు వరుసగా అడిగాను. ఏ ఒప్పందం మీద వెళ్లారు? చెప్పిన పనే ఇచ్చారా?

"మంచిగనే ఉన్నరు" అంది ఒకామె. "దేవుని దయ" అంది ఇంకొకామె. మూడో ఆమె "ఫికరేం లేదు" అని కొంగు సర్దుకుంది. ఏది అడిగినా ఇవే జవాబులు.

స్నేహితురాలు మిషను ఆపింది. "గిట్ల పోలీసోళ్ల లెక్క అడిగితె ఎవరు చెప్తరే?"

అంతసేపూ మూలన కూర్చొని చింతపండు గింజలు తీస్తున్న ఒక ముసలామె అప్పుడు తలెత్తి, "గిందుల మాట్లాడితె నా కొడుకు ఇంటడా?" అని అడిగింది.

నేను చెప్పబోయేంతలో స్నేహితురాలే అందుకుంది. "ఇంటడు పెద్దమ్మా. క్యాసెట్టు పంపాలె, గంతే. ఆడ అందరి కాడ టేపులుంటయి."

ముసలామె చేతులు తుడుచుకొని ముందుకు జరిగింది. కొడుకు ఎదురుగా కూర్చున్నట్టే కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"బిడ్డా, నేను మంచిగున్న. నల్ల మేక రెండు పిల్లలేసింది. నువ్వు ఆఫీసుల కార్ నడుపుతున్న అని చెప్తివి. మరి పోయినసారి వచ్చినప్పుడు నీ చేతులు గట్ల పలిగి ఉన్నయేంది? కార్ నడిపితె చేతులు పలుగుతయా? తల్లికి తెల్వదనుకున్నవా? ఏం పని జేస్తున్నవో నిజం చెప్పు. నేనేం ఏడ్వ."

నా కాగితం మీద ఉన్న ప్రశ్నే అది. నేను అడిగితే రాని మాట, కొడుకుతో మాట్లాడేసరికి తనంతట తానే వచ్చింది. ఆమె జరగగానే ఇంకొకామె వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఇంకొకామె. చంటిపిల్లల ఏడుపులు, అత్తల మీద చాడీలు, కప్పు కారుతున్న సంగతులు, చెప్పాల్సినవన్నీ చెప్పుకున్నారు. నేను కాగితం మడిచి సంచీలో పెట్టేశాను.

చివర్న నా సంగతి కూడా చెప్పాను. ఒక నకలు నేను ఉంచుకుంటానని, పేర్లు ఎక్కడా రాయనని, అది నా చదువు కోసమని. కొందరు సరే అన్నారు. కొందరు ఇష్టపడలేదు. వాళ్ల క్యాసెట్లు వాళ్లకే ఇచ్చేశాను. నకలు తీయడం పెద్ద తతంగం. స్నేహితురాలి భర్త తెచ్చిన టేప్ రికార్డర్, నాది ఎదురెదురుగా పెట్టి, తలుపులు మూసి, అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఎంత జాగ్రత్త పడ్డా పక్కింటి కోడిపుంజు మాత్రం ఆగేది కాదు. నా పరిశోధన నకళ్లన్నిటిలోనూ అది కూసింది.

సెలవు మీద వచ్చి తిరిగి పోయేవాళ్ల చేతికి క్యాసెట్లు ఇచ్చి పంపాం. కొన్ని నెలలకు అక్కణ్నుంచి జవాబులు వచ్చాయి. ఒకే గదిలో నలుగురైదుగురు కూర్చొని మాట్లాడినవి. వెనక కూలర్ చప్పుడు, గిన్నెల మోత. ముసలామె కొడుకు చాలాసేపు దగ్గి మొదలుపెట్టాడు.

"అమ్మా, అబద్ధం చెప్పిన. డ్రైవర్ పని అనే తోల్కవచ్చిన్రు. కాగితం అరబ్బీల ఉండె. ఏం రాసిందో తెల్వకనే సంతకం పెట్టిన. ఈడికొచ్చినంక సెంట్రింగ్ పనికి పంపిన్రు. మొదట మస్తు తక్లీఫ్ అయింది. ఇప్పుడు మేస్త్రిని అయిన. ఫికర్ జెయ్యకు."

ముసలామె క్యాసెట్ పూర్తయ్యేదాకా నేల చూస్తూ విన్నది. నేను భయపడుతూనే ఉన్నాను. "సెంట్రింగా" అంది తలెత్తి. "వాళ్ల నాయిన జేసిందే గద. దీన్ని ఇన్నొద్దులు దాసిపెట్టిండు పిచ్చోడు." తర్వాత ఆమె ముఖం విప్పారి, ఆ చివరి మాటలు మళ్లీ పెట్టమంది. మేస్త్రి అన్నచోట ఆపించి, అందరి వంకా చూసింది.

ఈలోగా మండీలో బాపును ఆట పట్టించడం మొదలైంది. "సేటూ, నీ బిడ్డ బస్తీల పొంటి డబ్బా ఏసుకొని తిరుగుతున్నది. రేడియో టేషను పెడ్తదా ఏంది?" అని తోటి అడ్తిదారులు అడిగేవాళ్లు. ఆయన అన్నం దగ్గర ముభావంగా ఉండేవాడు.

మా దుకాణంలో తూకాలు వేసిన దడ్వాయి ఒకతను మస్కట్ పోయి ఉన్నాడు. అతను భార్యకు పంపిన క్యాసెట్‌లో, "మా సేటు ఎట్లున్నడు? ఈసారి అల్లం ఏం పలుకుతున్నది?" అని అడిగాడు. ఆమె వచ్చి బాపుకు చెప్పింది. బాపు ఆ సాయంత్రం దుకాణం కట్టేసి, కడిగిన ధోవతి కట్టుకొని, టేపు ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. వేలంపాటలో అలవాటైన గొంతు. మొదటి మాటకే గోడమీది బల్లి పారిపోయింది.

"బాపూ, మెల్లగ. మస్కట్ దాక నువ్వు ఒర్రుడెందుకు? క్యాసెట్టు పోతది గద" అన్నాను.

గొంతు తగ్గించాడు కానీ, మాటలు తగ్గలేదు. ఆ ఏటి వానలు, దుంపకుళ్లు, బీదర్ దిక్కు నుంచి వచ్చిన కొత్త వ్యాపారులు, టేపు ఒక పక్కంతా అల్లమే. ఆఖరికి అన్నాడు. "నీ జాగల ఇంకొకన్ని పెట్టిన గని, వానికి రైతుతోని నవ్వుకుంట మాట్లాడుడు రాదు. నువ్వు సెలవుకు వస్తె దుకాణం దిక్కు రా. చాయ తాగి పో."

ఆ తర్వాత మండీలో ఎవరూ ఆట పట్టించలేదు. ఆట పట్టించినవాళ్లే అల్లుడికో తమ్ముడికో కబురు చెప్పాలని మా ఇంటికి వచ్చేవాళ్లు. అమ్మ అందరికీ చాయ పెట్టలేక నా చదువును తిట్టుకునేది.

ఒప్పందాల్లో రాసి ఉన్నదీ, మనుషులకు జరిగిందీ పక్కపక్కన పెట్టి నా పరిశోధన రాశాను. మౌఖిక పరీక్షకు ఢిల్లీ నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. చమురు గురించి, నౌకా మార్గాల గురించి అడిగినంతసేపూ బాగానే చెప్పాను. తర్వాత ఆయన పెదవి విరిచి, ప్రభుత్వ పత్రాలుండగా ఈ క్యాసెట్లకు విలువేమిటని ఇంగ్లిషులో అడిగారు. నేను సారు అనుమతితో టేపు పెట్టాను. ముందు కోడి కూసింది. తర్వాత ముసలామె కొడుకును గద్దించింది. సారు ప్రతి మాటకూ అర్థం చెప్పారు.

పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "కొడుకు నిజం చెప్పాడా?" అని అడిగారు.

నా దగ్గరున్న అతని జవాబు నకలు కూడా పెట్టాను. అక్కణ్నుంచి పరీక్ష సంగతి మరిచిపోయి, చదవలేని భాషలో సంతకం పెట్టించిన కాగితానికి ఏ దేశం జవాబు చెప్పాలని ఆయనా సారూ వాదించుకున్నారు. మధ్యలో నేనూ దూరాను. చాయలు చల్లారిపోయాయి. బయటికి వచ్చేటప్పుడు పెద్దాయన నాతో చేయి కలిపి "డాక్టర్" అని పిలిచారు. వెనక్కి తిరిగి ఎవరినా అని చూశాను.

మరుసటి వారం జిలేబీ పొట్లాలు కట్టించుకొని బస్తీకి పోయాను. స్నేహితురాలి భర్త అప్పుడే సెలవు మీద వచ్చి ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, "మీ క్యాసెట్లు మా క్యాంపుల ఒక్కలివి ఒక్కలు ఇంటరు. ఎవరి తల్లి మాట్లాడినా అందరం కూసుంటం. కేరళోళ్లు గూడ వస్తరు. భాష తెల్వదు, అయినా ఇంటరు" అన్నాడు.

ఆ ఏడాదే నాకు ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. చాలా ఏళ్లు అంతర్జాతీయ సంబంధాల పాఠమే చెప్పాను. అతను చెప్పిన ఆ మాట మాత్రం నా పరిశోధన గ్రంథంలో లేదు. అప్పటికే బైండింగ్ అయిపోయింది.