నేను బెల్జియంగా ఉన్న ఏడాది

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు నేను బెల్జియంగా బతికాను. ఈ మాట చెప్పగానే మా మనవలు తాతకు మతి తప్పిందని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ ఏడాది నాకు మాత్రం నవ్వులాటగా లేదు.

అప్పటికి బస్తర్ ఇంకా రాజ్యమే. కోంటలో మాకు ఉప్పు, బట్టలు, కిరసనాయిలు అమ్మే కొట్టు ఉండేది. ఊళ్లో ఉన్న చిన్న బడి చదువు అయిపోగానే మా నాన్న నన్ను తీసుకెళ్లి జగదల్‌పూర్‌లో మా మేనమామ ఇంట్లో దింపాడు. ఎర్రబోరు, దోర్నపాల్ దాటి అడవిలో పడి మోటారు పోతూనే ఉంటుంది. వానలు మొదలయ్యాయంటే ఏర్లు పొంగి ఆ దారీ మూసుకుపోయేది. ఇక దసరా దాకా ఇంటి మొహం చూసేది లేదు. బడిలో చదువు హిందీ, బజారులో మాట హల్బీ. మా హైస్కూల్లో నాతో తెలుగులో మాట్లాడేవాడు ఒక్కడే, ఎర్రబోరు పక్క అడవి పల్లె నుంచి వచ్చిన దోర్ల తెగ కుర్రాడు. ఇంట్లో వాళ్లది దోర్ల మాట అయినా తెలుగు నాలాగే మాట్లాడేవాడు. హాస్టల్లో ఉండేవాడు. బడి వదిలాక ఇద్దరం కలిసి ఇంద్రావతి ఒడ్డుదాకా నడిచేవాళ్లం. ఆ నడకే లేకపోతే నేను ఆ ఊళ్లో ఒక నెల కూడా ఉండేవాణ్ణి కాను.

తొమ్మిదో తరగతిలో ప్రపంచ చరిత్ర వచ్చింది. దాన్ని చెప్పే మాస్టారు నాగపూర్ వైపు మనిషి. అందరం గురూజీ అనేవాళ్లం. సన్నగా ఉండేవాడు, గొంతు పెంచేవాడు కాదు, బెత్తం పట్టుకునేవాడూ కాదు. మొదటి రోజు మమ్మల్నందర్నీ బయట నిలబెట్టి, తరగతి గదిలో నేలమీద సుద్దముక్కతో యూరప్ పటం గీశాడు. తర్వాత హాజరు పట్టీ వరసలో ఒక్కొక్కరినీ పిలిచి ఒక్కో దేశం ఇచ్చాడు. ఆ గీతల్లోనే చాప వేసుకుని కూర్చోవాలి. ఏడాదంతా ఆ దేశం నువ్వే. నీ దేశం గెలిస్తే నువ్వు గెలిచినట్టు, నీ దేశం ఎవరి కొంప కూల్చినా నువ్వు కూల్చినట్టు లేచి చెప్పాలి. తెలియకపోతే తెలుసుకుని మర్నాడు చెప్పాలి. తెలిసింది దాచకూడదు. మధ్యలో దేశం మార్చుకోవడం లేదు.

ఇంగ్లండు కోసం మా వాళ్లు ఎంత ఆశపడ్డారో. అది దోర్ల కుర్రాడికి పడింది. గదంతా గొల్లున నవ్వింది. వాడు నవ్వలేదు, సిగ్గుపడలేదు, పోయి తన దీవిలో కూర్చున్నాడు. నాకు బెల్జియం. అలాంటిదొకటి భూమ్మీద ఉందని కూడా నాకు తెలియదు. సుద్దగీతల మధ్య నా చోటు పీటంత. ఒక పక్క ఫ్రాన్స్, అంటే కలప కాంట్రాక్టరు కొడుకు. ఇంకో పక్క జర్మనీ, అంటే పోలీసు అధికారి కొడుకు. ఇద్దరూ నాకు రెండింతలు. వాళ్లు కాళ్లు చాపితే నా దేశం కనిపించేది కాదు. దేశం మార్చమని ఆ వారంలోనే గురూజీని అడిగాను. "బెల్జియం కూడా అడిగే ఉంటుంది, ఎవరు మార్చారు?" అన్నాడాయన.

అలా ఇరుక్కుని నాలుగైదు నెలలు గడిపాను. దసరా సెలవులు అయ్యాక మొదటి ప్రపంచ యుద్ధం పాఠం వచ్చింది. జర్మనీ నన్ను తొక్కుకుంటూ ఫ్రాన్స్ మీద పడాల్సిన రోజు అది. పోలీసు అధికారి కొడుకు మాటతో సరిపెట్టకుండా నిజంగానే నా కాలు తొక్కి వెళ్లాడు. నేను లేచి, నేనెవరి జోలికీ పోలేదు, నా పొలాలు తగలబెట్టారు, నా ఊళ్లు కూల్చారు అని చెప్తుంటే గొంతు వణికింది. కొంత నటన, కొంత కాలి నొప్పి. ఆ రోజు నుంచి నేను బడిలో 'బిచారా బెల్జియం', అంటే పాపం బెల్జియం, అయిపోయాను. పై తరగతి వాళ్లు కూడా పిలిచి భుజం తట్టేవారు. నిజం చెప్పొద్దూ, నాకది బాగా నచ్చింది. జాలిగా చూడాలని కావాలనే కుంటుతూ నడిచిన రోజులున్నాయి.

గురూజీ అదంతా చూస్తూనే ఉన్నాడు. ఒక శనివారం తన పెట్టెలోంచి పాత ఇంగ్లీషు పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు. నాలుగు పేజీల దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంది. "ఇదీ నీదే. ఆఫ్రికాలో నీకొక అడవి ఉంది. సోమవారం దాని సంగతి చెప్పు" అన్నాడు.

నాకొక అడవి ఉందంటే సంబరంగానే పుస్తకం తెరిచాను. ఒక్కో మాటా నిఘంటువులో వెతుక్కుంటూ ఆదివారం సాయంత్రానికి చదివేశాను. అది కాంగో అడవి. అక్కడి మనుషులు తీగల్లోంచి రబ్బరు పాలు తీసి, గట్టిపరిచి, బుట్టల్లో నా మనుషుల దగ్గరికి మోసుకొచ్చేవాళ్లు. నా మనుషులు దాన్ని తూచేవాళ్లు. తక్కువైతే కొరడా. ఇంకా తక్కువైతే చెయ్యి నరికేవాళ్లు. ఆ పుస్తకంలో చేతుల్లేని పిల్లల ఫొటో ఒకటి ఉంది. నేను పుస్తకం మూసి బియ్యం బస్తాల వెనక దాచేశాను, అక్కడికేదో ఆ పిల్లలు కనపడకుండా పోతారన్నట్టు.

సోమవారం లేచి, అది మా రాజు చేసిన పని, నాకేం తెలియదు అన్నాను. గురూజీ కోప్పడలేదు. "ఆ రబ్బరుతో వచ్చిన డబ్బుతో నీ ఊళ్లో మేడలు లేచాయి. నువ్వు వాటి ముందు తిరగలేదా? రేపు మళ్లీ చెప్పు" అన్నాడు. మంగళవారం ఉల్లిపాయ చంకలో పెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాను. మా అత్త ఇచ్చిన కషాయం జ్వరం కన్నా ఘోరం. బుధవారం వెళ్లేసరికి పాఠం ఒక్క అక్షరం ముందుకు జరగలేదు. బెల్జియం వచ్చేదాకా ఆగుదామని గురూజీ అన్నాడట. తరగతంతా నా కోసం కూర్చుని ఉంది. గొంతు బాగాలేదన్నాను. సరే, రేపన్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర మా మామతో, నాకీ చదువొద్దు, కోంట వెళ్లిపోతాను, కొట్టులో కూర్చుంటాను అన్నాను. అలిగి అన్నానే కానీ, ఆయన ఒప్పుకుంటే వెళ్లిపోవాలనే ఉంది.

"పోతే పో. నిన్నెవరు పట్టుకున్నరు?" అన్నాడు మా మామ తల ఎత్తకుండానే. "మీ నాయినకు కూడా కొలతకాడ మనిషి కావాల్నంట. నీ చెయ్యి మంచిదని అందరికీ చెప్తడు."

కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా కొట్టు సంగతి ఇక్కడ చెప్పాలి. ఎండాకాలంలో అడవి పల్లెల నుంచి ఆడవాళ్లు, మగవాళ్లు సారపప్పు తెచ్చేవాళ్లు. దానికి బదులు ఉప్పు ఇచ్చేవాళ్లం, మానికకు మానిక. రెండింటికీ ఒకటే మానిక కాబట్టి అందులో మోసమేదీ లేదని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. కాకపోతే సారపప్పును చుట్టూ రాలిపోయేదాకా కుప్పగా పోయించేవాళ్లం. ఉప్పు పోశాక మానిక అంచు మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి సమంగా కోసేవాళ్లం. ఎనిమిదేళ్ల వయసు నుంచీ సెలవుల్లో ఆ పని నాదే. ఒక్క ఉప్పురాయి కూడా అంచు దాటకుండా కోస్తానని మా నాన్న వచ్చినవాళ్లకు చూపించి మురిసిపోయేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండన పడి వచ్చినవాళ్లకు ముందు మంచినీళ్లిమ్మనేవాడు. మేమెవరి చెయ్యీ నరకలేదు. ఆ రాత్రి ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. అయినా నమ్మకం కుదరలేదు. బడికి వెళ్తే ఆ అడవి, ఇంటికి వెళ్తే ఈ అడవి. ఎటు పోవడానికీ దారి లేదు. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకోటుంది. నేను లేచి చెప్పేటప్పుడు దోర్ల కుర్రాడు ఎదురుగా కూర్చుని వింటాడు. వింటే మా కొట్టు కొలత సంగతి వాడికి తడుతుంది. ఆ తర్వాత ఏటి ఒడ్డుకు నాతో రాడు.

గురువారం లేచి నిలబడ్డాను. వాళ్లు బుట్టలు మోసుకొచ్చారు, నేను తూచాను. చాలదన్నాను. కొట్టించాను. చేతులు నరికించాను. నా ఇల్లు బాగుపడింది. గొంతు వణకలేదు, ఈసారి నటించడానికేమీ లేదు. మధ్యలో ఎక్కడో, చాలదన్నాను అంటున్నప్పుడు, నా కుడిచెయ్యి దానంతటదే లేచి గాలిని అడ్డంగా కోసింది. నేను చూసుకుని దింపేశాను. ఇంగ్లండు వైపు చూస్తే వాడు నా చేతినే చూస్తున్నాడు.

"ఇంకా ఉందా?" అని గురూజీ అడిగాడు. లేదన్నాను. కూర్చోమన్నాడు, పాఠం మొదలుపెట్టాడు. ఆ రోజు తర్వాత బిచారా అని నన్నెవరూ అనలేదు.

బడి వదిలాక నేను ఒక్కణ్ణే నడుస్తుంటే దోర్ల కుర్రాడు వెనక నుంచి వచ్చి కలిశాడు. మామూలుగానే అన్నాడు.

"మా అమ్మ సారపప్పు మీ కొట్టుకే తెచ్చేది. ఆమె ఎనక నేను నిలబడేటోణ్ణి. నువ్వు కొలిచేటోడివి."

"నీకు మొదట్నుంచీ ఎరుకేనా?" అని అడిగాను.

"ఎరుకే."

"మరి నాతోటి ఎందుకు తిరిగినవ్?"

"ఈడ మన మాట మాట్లాడేటోడు ఇంకెవడున్నడు?" అన్నాడు.

వాడు దెప్పడానికి అనలేదు, ఉన్న సంగతి చెప్పాడు. నేను స్నేహమనుకున్నది వాడు వేరే దారిలేక చేసిన పని. ఆ సుద్దగీతల మధ్య నేనొక్కణ్ణే ఇరుక్కున్నానని అన్నాళ్లూ ఏడ్చాను కదా, నా పక్కనే నడుస్తూ వాడు ఇరుక్కున్నాడని నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాతా ఇద్దరం కలిసే తిరిగాం, చదువు ముగిసేదాకా. నేను మాత్రం మునుపటంత వాగలేదు, వాడు చెప్పేది ఎక్కువ విన్నాను.

ఆ వేసవిలో ఇంటికి వెళ్లాను. సారపప్పు కాలం. మా నాన్న నన్ను కొలత దగ్గర కూర్చోబెట్టాడు. ఒక ముసలమ్మ వచ్చింది. ఆమె తెచ్చింది కుప్పగా కొలిచి తీసుకున్నాను. నా వంతు వచ్చేసరికి ఉప్పు కూడా కుప్పగానే పోశాను, చెయ్యి అడ్డం పెట్టలేదు. పెద్ద పని చేస్తున్నాననుకున్నాను. ముసలమ్మ మానికను చూసింది, నన్ను చూసింది. తర్వాత తన అరచెయ్యి అంచు మీద పెట్టి తానే సమంగా కోసి, పక్కకు పడిన ఉప్పును నా వైపు నెట్టింది.

"ఎక్కువ పడ్డది, చిన్న సావుకారి" అంది.

చరిత్ర పాఠమంటే ఈనాటికీ నాకు ఆ చెయ్యే కనబడుతుంది. కొట్టు నా చేతికొచ్చాక రెండూ ఒకేలా కొలిచాను, మా వాళ్లు చేతకానివాడినన్నారు, పడ్డాను. అదేదో గొప్పగా చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ రోజు ముసలమ్మ నెట్టిన ఉప్పును నేను మళ్లీ ఆమె మూటలో వేయలేదు. మా నాన్న చూస్తున్నాడు. దాన్ని తిరిగి మా ఉప్పు గోనెలో పోసింది నేనే.