కుడిచేతి పక్క సముద్రం

“యా దిక్కుకు పోతాండావు నాయనా?”

“నీళ్ళుండే దిక్కుకు. నువ్వు బడికి పో.”

మా నాయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన కంబళి భుజాన వేసుకొని చీకట్లోకి నడిచిపోయాడు. మా అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. గొర్రెలు తోలుకొని వలసపోయే మనిషిని ఏ దిక్కుకని అడగకూడదు, ఎవరడిగినా ఆ మనిషి చెప్పకూడదు. దిక్కు పేరు నోటితో పలికితే కరువు విని వెనకాలే వస్తుందని మా గొర్రెలవాళ్ళ నమ్మకం. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు, ఆ సంగతి తెలియక కాదు, ఆయన ఎటు పోతున్నాడో తెలుసుకోకుండా ఉండలేక అడిగాను.

ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటలు మళ్ళీ చెవిలో పడింది ఒక పుస్తకం వాసన వల్ల. మా ఇంటాయన పోయినప్పటినుంచి నేను ముదిగుబ్బలో కూతురింట్లో ఉంటున్నాను. కూతురి కూతురు లావణ్య తొమ్మిదో తరగతి. బడి తెరిచిన మొదటి వారంలో అది సోషల్ పుస్తకం తెచ్చి నా మంచం మీద విప్పింది. జిగురు, కొత్త కాగితం, రంగు సిరా, అన్నీ కలిసిన వాసన గుప్పుమని కొట్టింది. అచ్చం మా బడిలో అయివారు పటం చుట్ట విప్పినప్పటి వాసన. చరిత్రకు ఆధారాలేమిటో, పీఠభూమి అంటే ఏమిటో మొదటి పాఠాల్లో ఉందట, మీ ఊరి చరిత్రా భూగోళమూ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకురండని వాళ్ళ టీచరు చెప్పిందట. నాకు సంతకం చేసేంత చదువే ఉంది కాబట్టి నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

రాయడానికి ముందు నన్నే పరీక్ష పెట్టింది.

“అవ్వా, పటంలో పైన యా దిక్కు?”

“ఉత్తరం,” అని చెయ్యెత్తి చూపించాను.

అది పుస్తకం మూసి నవ్వింది. “ఆ పక్క నల్లమాడ ఉండాది. నువ్వు పుట్టిందే ఆ పక్క. అది దక్షిణం అవ్వా.”

దిక్కులు నాకు తెలియక కాదు. పొద్దు ఎటు పుడుతుందో తెలియకుండా ఇంతకాలం సేద్యం చేయలేదు. కానీ పటం అనే మాట వింటే చాలు, నా చెయ్యి ఇప్పటికీ తనంతట తానే దక్షిణం గోడకు పోతుంది. దానికి మా బడి కారణం.

నల్లమాడ అవతల మా ఊరి బడి ఒకే ఒక గది. మట్టి మిద్దె, కింద బండపరుపు, వేసవిలో ఆ బండల మీద బోర్లా పడుకుంటే కడుపులో చల్లగా ఉండేది. వానాకాలంలో వాన తక్కువ, గాలి ఎక్కువ. ఆషాఢం గాలి పడమటి కిటికీలోంచి దూరి పలకల మీది బలపం పొడిని మా కళ్ళల్లోకి కొట్టేది. ఉత్తరం వైపు వాకిలి, తూర్పుగోడ సగానికి సగం మట్టి రాలిపోయి మేకు నిలవదు, ఇక మిగిలింది దక్షిణం గోడ ఒక్కటే. బడికంతటికీ ఉన్న ఒకే ఒక పటాన్ని, పైనా కిందా కట్టెలు వేసిన గుడ్డ పటాన్ని, అయివారు ఆ గోడకే తగిలించేవాడు. కదిరి నుంచి సైకిల్ మీద వచ్చే మనిషి, చెమట తుడుచుకుంటూనే బెత్తం ఎత్తి, “పైన ఉత్తరం, కుడిచేతి పక్క తూర్పు, ఆ నీలంగా ఉండేది సముద్రం,” అనేవాడు, మేమూ గోడను చూస్తూ రాగం తీసి అనేవాళ్ళం. గోడను చూస్తున్న మాకు కుడిచెయ్యి పక్క ఉన్నది పడమర. కిటికీ అవతల ఎర్రటి గుట్టలు, చెనిక్కాయ చేలు, వాటి మీదుగా ఖాళీగా పరుగెత్తే మబ్బులు. మబ్బులు ఆ దిక్కునుంచే వచ్చేవి గనుక సముద్రం ఆ గుట్టల వెనకే ఉందని పిల్లలందరికీ నమ్మకం కుదిరింది. అచ్చనగండ్లు ఆడుకుంటూ, ఓడిపోయినవాళ్ళు సముద్రం దాకా పోయి రావాలని పందెం వేసి, ఆ గుట్టలకేసి చెయ్యి చూపేవాళ్ళం.

మేము ఉన్న చోటు వానకు నీడలో ఉందని పుస్తకంలో రాశారట, లావణ్య చదివి చెప్పింది. పడమటి కొండలు మబ్బులను ఆపుకుంటాయట. ఎండకు నీడ ఉంటుందని తెలుసు, వానకు కూడా నీడ ఉంటుందని ఈ వయసులో విన్నాను.

నాయన వలసపోయిన ఏడు ఆ నీడ మరీ చిక్కగా పడింది. చేలో పీకిన చెనిక్కాయ కట్టె కూడా మేతకు మిగలలేదు, సంగటిలో రాగిపిండి తగ్గి నూక పెరిగింది, తర్వాత సంగటి పోయి అంబలి వచ్చింది. శివరాత్రి దాటగానే నాయనా, మా చిన్నాయనా, ఇంకా కొందరూ మందలు కలుపుకొని బయల్దేరారు. ఊరి బయట ఒక వీరగల్లు ఉండేది. ఎత్తిన కత్తితో ఒక మనిషి, కాళ్ళ దగ్గర ఆవులు, ఎవరో పశువులను కాపాడబోయి చచ్చిపోయాడని చెప్పేవాళ్ళు. పేరు ఎవరికీ తెలియదు గానీ పసుపు మాత్రం ఎప్పుడూ ఉండేది. మందలు అక్కడ చేరి, ముందు నడిచే పొట్టేలు నుదుటికి ఆ రాతి మీది పసుపు పూయించుకొని కదిలేవి. మా ఇంటి నుంచి వినిపించింది గంటల చప్పుడు మాత్రమే.

మంద పోయిన ఇంట్లో రోజూ పొద్దున్నే ఒక చెంబెడు నీళ్ళు మనిషి పోయిన దిక్కుకు పారబోయాలి. అక్కడ వాళ్ళకు నీళ్ళు దొరుకుతాయని. చెంబెడు నీళ్ళకోసం బావి దగ్గర కొట్లాడుకునే రోజుల్లో కూడా ఆ చెంబు ఆపరు. అమ్మ తెల్లవారకముందే కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయేది. పోతూ పోతూ, “మీ నాయన పోయిన దిక్కుకు నీళ్ళు పొయ్యి,” అనేది. ఏ దిక్కో చెప్పదు, నేను అడగకూడదు. ఇంతలో కదిరి నుంచి వచ్చిన గాజులామె కబురు తెచ్చింది, మా వాళ్ళు సముద్రం పక్కకు పోతున్నారట, అక్కడ వరి కోసిన మళ్ళలో ఎరువు కోసం మంద నిలిపితే వడ్లు కొలుస్తున్నారట. సముద్రం ఎక్కడో నాకు తెలుసు గదా. బడికి పోయేదాన్ని. ఇంటి వెనక్కి పోయి పడమటి గుట్టలకు ఎదురుగా నిలబడి, పొద్దుకు వీపు పెట్టి, రోజూ నీళ్ళు పోశాను.

ఉగాది నాడు అమ్మ పనికి పోలేదు. ఒబ్బట్లకు బెల్లం చాలక, పూర్ణంలో సగానికి ఉడికించిన అలసందలు మెదిపి కలుపుతూ, పెరట్లో నన్ను చూసింది.

“ఆ దిక్కున ఎవరుండారే, నీళ్ళు పోస్తాండావు?”

“నాయన. సముద్రం ఆడే గదా ఉండేది.”

“ఎవరు చెప్పినారే నీకు? మీ నాయన పొద్దు పుట్టే దిక్కుకు పోయినాడు,” అనేసి, అన్నాక నాలుక కరుచుకుంది. అమ్మ నోట దిక్కు మాట రావడం నేను విన్నది ఆ ఒక్కసారే.

మర్నాడు పటం ముందు నిలబడి, సముద్రం ఈ పక్కే గదా అని కుడిచెయ్యి చాపి అయివారిని అడిగాను. “పెద్ద చదువరివి నువ్వు. సముద్రాన్నే మార్చేస్తివా?” అని నవ్వబోయి, నా కుడిచేతినీ గోడనూ చూసి పటం దగ్గరికి నడిచాడు. పటం మేకు నుంచి దించి వాకిట్లోకి తెచ్చి నేల మీద పరిచాడు. పైకట్టె ఉత్తరానికి వచ్చేటట్టు తిప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. మేమందరం చుట్టూ నిలబడి చూస్తుండగానే సముద్రం గుట్టల వెనక నుంచి లేచి మా తలల మీదుగా పోయి పొద్దు పుట్టే దిక్కున పడింది. మా ఊరు ఆ పటంలో లేదు. అయివారు జేబులోంచి ఒక చెనిక్కాయ గింజ తీసి, “ఇది మనూరు,” అని పెట్టాడు. తూర్పుగా ఒక చింతపిక్క పెట్టి, “ఈడికి పోయింటారు మీ నాయనోళ్ళు,” అన్నాడు. రెండింటికీ మధ్య జానెడు కూడా లేదు. ఇంత దగ్గరా అనుకున్నాను. ఆ రోజు నుంచి నీళ్ళు తూర్పుకు పోశాను, ఒక చెంబు ఎక్కువే పోశాను.

మృగశిరలో నాలుగు చినుకులు పడగానే మందలు తిరిగొచ్చాయి. వీరగల్లు దగ్గర గంటలు విని పరుగెత్తాను. చిన్నాయన ముందు నడుస్తున్నాడు, ఆయన భుజాన రెండు కంబళ్ళు ఉన్నాయి.

జ్వరం వచ్చిందట. చిన్నాయన అరుగు మీద కూర్చొని, అమ్మ ముఖం చూడకుండా చెప్పిందంతా నాకు కంఠస్థం. “ఎర్రనేల అయిపోయి నల్లనేల వచ్చె. అదీ దాటినాం. ఒక కొండల వరస దిగినాం, ఎదురుగా ఇంకో వరస ఉండాది. నడుమ ఇసక ఏరు. ఏటి గట్టున చింతతోపులో పెట్టినాం వదినా. రాయి నాటే పొద్దు లేకపాయ, మంద నిలవదు.” ఊరి పేరు అడిగితే ఆయనకూ తెలియదు. నడిచేవాళ్ళకు నేల రంగు, నీళ్ళ జాడ గుర్తుంటాయి, పేర్లు గుర్తుండవు.

అమ్మ చాలా ఏళ్ళు, “దిక్కు పలికింది నేనే,” అని గొణుక్కునేది. నేను పడమటికి పోసిన నీళ్ళ సంగతి ఎత్తేది కాదు. బడి మాట చెప్పిపోయిన మనిషి రాకపోవడంతో నా బడి కూడా అయిపోయింది, మిగిలిన గొర్రెల వెంట పోయాను. ఇదంతా విని లావణ్య పెన్ను ఆపింది.

“జొరమొచ్చి పోయినాడవ్వా. దిక్కేం జేస్తాది, నీళ్ళేం జేస్తాయి?”

“నాకూ తెలుసులే. రాయి.”

ఆ బడి గది ఇప్పుడు లేదు. పటం ఏమైందో తెలియదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు వీరగల్లును పక్కకు తీసి కంపల్లో పెట్టారు, పసుపు పూసేవాళ్ళు తగ్గిపోయారు. మందలు లారీల్లో పోతున్నాయి, పోయే ఊరి పేరు డ్రైవరుకు ఫోన్లో ముందే చెబుతున్నారు. వెనక చెంబు నీళ్ళు పారబోసే ఇల్లు నాకు కనిపించలేదు.

లావణ్య చిన్నాయన మాటలు మళ్ళీ చెప్పించుకొని, పుస్తకంలో నేలల రంగుల పటం ఒక పక్క, కొండలూ ఏర్ల పటం ఇంకో పక్క పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. ఎర్రనేల, నల్లనేల, దాని తర్వాత పాలకొండలు, ఎదురుగా వెలికొండలు, రెండింటి నడుమ చెయ్యేరు. “ఈడే అవ్వా, ఈ ఏటి గట్టునే యాడో ఉంటాది,” అని పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి, నా వేలు పట్టుకొని దాని మీద ఆనించింది. పెన్సిల్ చుక్క వేలికి తగలదు. అయినా వేలు తీయలేదు. చరిత్రకు ఆధారం కావాలంటే రాయో శాసనమో ఉండాలని ఆ పుస్తకంలోనే ఉంది. ఆయనకు రాయి లేదు, ఈ చుక్క ఉంది.

రాయడం అయిపోయిందా పాపా? అయితే మొదటి నుంచి చదివి వినిపించు. నాదీ నాయనదీ, ఆ మొదటి రెండు ముక్కలు నిదానంగా చదువు. అట్ల గోడకేసి కాదు, ఇట్ల తూర్పుకు తిరిగి కూర్చొని చదువు.