మోహన పంపనంది

మా వీధిలో మోహన అంటే అందరికీ కొంచెం భయం, కొంచెం గౌరవం. ఆమె లేనప్పుడు చెప్పుకోవడానికి బోలెడన్ని కబుర్లు. కొండమీద కల్యాణకట్టలో ఆడవాళ్ళ తలనీలాలు తీసే ఉద్యోగం ఆమెది. ఎంత పెద్ద ఆఫీసరు భార్య అయినా ఆమె ముందు కూర్చుని, "తల వంచమ్మా" అంటే వంచాల్సిందే.

"దినామూ ఆ మాట సెప్పీ సెప్పీ, తన తల వంచేది ఎట్లో మర్సిపోయినట్టుండాది" అంటాడు మా వార్డు లీడరు ఢిల్లీబాబు. ఆమె డ్యూటీ బస్సెక్కిందని రూఢి చేసుకున్నాకే అంటాడు.

మోహనది ఐరాల పక్కన పల్లె. వాళ్ళ నాయన మంగలి పని చేసేవాడు. కూతుళ్ళకు కత్తి పట్టడం నేర్పే ఆచారం లేదు. మోహన అడగలేదు, నాయన నిద్రపోయే వేళ కత్తుల పొది విప్పి తమ్ముళ్ళ తలల మీద నేర్చుకుంది. ఆ తమ్ముళ్ళు ఇప్పుడు మీసాలొచ్చిన మగవాళ్ళు. అయినా అక్క గుమ్మంలో కనబడితే ఇప్పటికీ చెయ్యి దానంతటదే తల మీదికి పోతుందట. భర్త చెంగయ్య చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆదివారం ఆదివారం వస్తాడు. మెత్తని మనిషి. ఇంట్లో ఇద్దరు మోహనలు ఉంటే ఇల్లు నిలవదని దేవుడే అలా కుదిర్చాడనుకుంటాను.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లోహిత. అయిదో తరగతి. ఈ కథంతా ఆ పిల్ల కాళ్ళ వల్ల వచ్చింది.

మా వీధిలో సాయంత్రమైతే ఆటోలు వరసగా ఆగుతాయి. ఆ సందులోనే పిల్లల ఆట. లోహిత బంతిని ఒక ఆటో కిందుగా తన్ని, తాను ఇటువైపు నుంచి చుట్టి పరుగెత్తి, అది అవతలికి వచ్చేసరికి అక్కడ నిలబడి ఉండేది. ఎనిమిదో తరగతి మగపిల్లలు ఆటో చక్రాలను తిట్టుకుంటూ నిలబడిపోయేవారు. ఒకరోజు ఇది మా ఆవిడ కంటపడింది. మా ఆవిడ పంకజాక్షి మునిసిపల్ స్కూల్లో పీఈటీ. చేతిలో కూరగాయల సంచి వదిలేసి, మెడలో ఈల లేకపోయినా నోటితోనే ఈల వేసింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు అలా ఈల వేయడం వచ్చని నాకు తెలియదు.

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆమెకు ప్రాణం. బెంగళూరు నుంచి ఒక ఫుట్‌బాల్ అకాడమీ వాళ్ళు తిరుపతిలో సెలక్షన్లు పెట్టారని తెలియగానే, "పెద్ద గ్రౌండులో ఆట ఉండాది" అని మోహనకు చెప్పి లోహితను తీసుకుపోయింది. ఎంపికైతే హాస్టలు, చదువు, తిండి, బూట్లు అన్నీ వాళ్ళవే. పిల్లకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళే చూసుకుంటారు. గ్రౌండు గేటు దగ్గర పంకజాక్షి కొండవైపు తిరిగి మొక్కుకుంది. "స్వామీ, ఈ బిడ్డ సెలెక్ట్ అయితే నా జడ నీకే."

ఆ జడ సంగతి చెప్పాలి. మోకాళ్ళను తాకుతుంది. పెళ్ళిచూపుల్లో నేను చూసింది ఆ జడనే, ముఖం సంగతి తర్వాత తెలిసింది. ఈ ముక్క ఆమెకూ తెలుసు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

లోహిత సెలెక్ట్ అయింది.

మా ఊళ్ళో శుభవార్త ముందు ఫ్లెక్సీకి తెలుస్తుంది, తర్వాత ఇంటివాళ్ళకు తెలుస్తుంది. సాయంత్రానికల్లా వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. నడుమ చేతులు జోడించిన ఢిల్లీబాబు. పక్కన పలమనేరు పెళ్ళిలో దిగిన ఫొటోలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నేను. ఆ ఫొటో నేనే ఇచ్చాను. అద్దాలు తీసేసిన ఫొటో కూడా ఉంది, కానీ అది ఇవ్వలేదు. కింద మూలన తపాలాబిళ్ళంత లోహిత.

డ్యూటీ దిగి వచ్చిన మోహన ఫ్లెక్సీ కింద నిలబడింది.

"ఏందబ్బా ఇది? ఢిల్లీబాబు ఫుట్‌బాలు ఆడను పోతా ఉండాడా?"

ఎవరో నవ్వారు. అప్పుడామె వంగి మూలన ఉన్న బొమ్మ చూసింది. చూసి నా వైపు తిరిగింది.

"అన్నా, నా బిడ్డ బెంగళూరుకు పోతా ఉండాదని మీ అద్దాలకు కనపడింది, నాకు కనపడలేదే?"

నేను ముఖం మీద లేని అద్దాలు సవరించుకున్నాను.

"పంపను" అంది మోహన. అంతే అంది. వెళ్ళి కొడవలి తెచ్చి ఫ్లెక్సీ తాళ్ళు కోసేసింది. మరుసటి రోజు మా ముగ్గురి ముఖాలూ ఎదురింటి నాగులమ్మ వాకిట్లో కట్టెల మోపు మీద వాన పడకుండా కప్పి ఉన్నాయి.

ఆదివారం పంచాయతీ జరిగింది. అకాడమీ కోచ్ నియాజ్ వచ్చాడు. పలమనేరు కుర్రవాడే, బెంగళూరులో ఉంటాడు. మోహన వరండాలో చెంగయ్య, ఢిల్లీబాబు, మా దంపతులం కూర్చున్నాం. ఢిల్లీబాబు మొదలుపెట్టాడు.

"ఏమ్మే మోహనా, ఇట్లాంటి అదృష్టం ఈ తిరుపతిలో ఎవురికొస్తాది? రేప్పొద్దున టీవీలో నీ బిడ్డ పేరు, మన వీధి పేరు..."

"వీధి పేరు కావాలంటే మీ వాడిని పంపు అన్నా. వానికి నలుగురు తినే తిండి. హాస్టలోళ్ళకు పుణ్యమొస్తాది."

చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. "పోతే బాగుపడతాదేమో గదా..."

"నువ్వు ఆదివారం వొస్తే, బిడ్డ నీ కాడ పండుకుంటాదా, నా కాడ పండుకుంటాదా?"

"ఇద్దరి మధ్యలో" అన్నాడు చెంగయ్య.

మోహన నియాజ్‌కు టీ ఇచ్చింది. "నువ్వూ అట్లే పోయినావా నాయనా?"

"ఊ. పదకొండేండ్లకు పోయినానమ్మా."

"నీతో పోయిన బిడ్డలు ఇప్పుడు యాడ ఉండారు?"

నియాజ్ గ్లాసులోకి చూశాడు. పాపం, అబద్ధం చెప్పడం రాని పిల్లవాడు. "ఒకడు మంచి క్లబ్బులో ఆడతా ఉండాడు. నేను కోచ్ అయినా. మిగతా వాళ్ళను ఆట చాల్లేదని పదహారేండ్లప్పుడు ఇంటికి పంపేసినారు. వాళ్ళు... ఫోన్లో దొరుకుతారమ్మా, అప్పుడప్పుడు."

"ఇంటికొచ్చినాక ఇల్లు వాళ్ళకు తెలిసిందా?"

"మా అమ్మీ పెట్టే తిండి నాకు కారమనిపించింది" అన్నాడు నియాజ్ నవ్వుతూ. కానీ వెంటనే అన్నాడు, "అయినా నేను మళ్ళా పుట్టినా పోతానమ్మా. ఆ గ్రౌండు మీ పాప చూస్తే, మీకే తెలుస్తుంది."

ఆ మాట నిజంగానే అన్నాడు. అందుకే మోహన అతనికి ఇంకో గ్లాసు టీ పోసింది. మాట మాత్రం మార్చలేదు. పంకజాక్షి విసురుగా లేచి ఇంటికొచ్చేసింది.

"మూర్ఖురాలు" అంది ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. గరిటె పక్కన పెట్టి, "బుధవారం కొండకు పోతా ఉండాను" అంది.

"బిడ్డ పోనప్పుడు మొక్కెందుకే?" అన్నాను. జడ మీద నా ఆశ నాది.

"సెలెక్ట్ అయితే ఇస్తానన్యాను. చేరితే ఇస్తానన్లేదు. స్వామితో పేచీ పెట్టుకునేది లేదు."

కల్యాణకట్టలో టోకెన్ మీద ఏ నంబరు వస్తే వాళ్ళ దగ్గరే కూర్చోవాలి. పంకజాక్షికి వేరే నంబరు వచ్చింది. వెనకున్న ఒక తమిళామెను బతిమాలి టోకెన్ మార్చుకుని, పచ్చ చీర కొంగు దోపుకుని పోయి మోహన ముందే కూర్చుంది. నేను సంచి పట్టుకుని స్తంభం పక్కన నిలబడ్డాను.

"తల వంచక్కా" అంది మోహన.

"వంచుతా. స్వామికి. నీకు కాదు."

"నాకెందుకు? సల్లని నీళ్ళు, బిగబట్టుకో."

జడ విప్పి, తడిపి, రెండు ముడులు వేసింది. బ్లేడు పడింది. మొదటి ముడి కిందికి జారేసరికి నేను ముఖం తిప్పుకున్నాను. పక్కన ఎవరో పెద్దాయన నా భుజం తట్టి "గోవిందా అనండి, అదే సర్దుకుంటుంది" అన్నాడు.

పక్క వరసలో ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"సూడు దాన్ని" అంది మోహన. "మొక్కుకునింది వాళ్ళవ్వ. ఏడ్సేది అది."

"జుట్టు ఆర్నెల్లకు మళ్ళా వస్తాది మే. ఆట నేర్సే వయసు రాదు."

"అమ్మ పక్కన పండుకునే వయసు వస్తాదా?"

పంకజాక్షి వంచిన తలతోనే, నేను ఎన్నడూ వినని గొంతుతో అంది. "నాకు పదైదేండ్లప్పుడు స్పోర్ట్స్ హాస్టల్లో సీటొచ్చింది. మూడు దినాలు అన్నం మానేసి అడిగినాను. ఆడబిడ్డ యాడికీ పోయేది లేదన్యాడు మా నాయన. ఈ పొద్దు ఈల ఊదతా ఉండాను. నువ్వూ మా నాయనవే."

"కదలొద్దు, సెవి తెగుతాది." బ్లేడు ఆగింది. "నువ్వు ఏడ్సి అడిగినావు, మీ నాయన ఆపినాడు. అది తప్పే. నా బిడ్డ అడగలా. ఒక్క మాట అడగలా. మీరందరూ అడిగినారు. అడిగినదాన్ని ఆపేదీ, అడగనిదాన్ని తోసేదీ నా లెక్కలో ఒకటేనక్కా."

"అడిగితే?"

"నెత్తిన పెట్టె పెట్టుకోని నేనే దింపొస్తా. నా మొగుడు వద్దన్నా సరే, నువ్వు వద్దన్నా సరే."

"అంతదాకా దినామూ తెల్లారి నా గ్రౌండుకు రావాల. వానొచ్చినా."

"పంపుతా."

"పరీక్షలున్నా."

"పంపుతానంటి గదా, ముందు తల వంచు!"

గుండు పూర్తయ్యాక మోహన ఆ తల మీద గంధం పూసింది. పనిలో భాగంగా పూసినట్టు లేదు.

నేను కళ్ళు తుడుచుకుని, సంచి ఎత్తుకుని, పచ్చ చీర గుండు వెనకాలే బయటికి నడిచాను. చాలా దూరం నడిచాను. "ఈ గుండుతో కూడా నువ్వు బాగుండావు" అని కూడా అన్నాను. ఆమె తిరిగింది. ఆమె మా ఆవిడ కాదు. కొండమీద ఆ పూట అన్ని తలలూ ఒకటేనని ఆమె భర్తకు నేను చెప్పిన సంజాయిషీ, ఆయన విన్న తీరు ఇక్కడ రాయను. పంకజాక్షి మాత్రం ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది.

తెల్లవారి గ్రౌండులో ఆట మొదలైంది. లోహితతో పాటు ఇంకొందరు ఆడపిల్లలు వచ్చారు. పీఈటీ టీచరు గుండు చూసి మొదటి రోజు నవ్వారు. రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తించింది, నవ్వు ఆగింది.

చేరడానికి ఆఖరి రోజున నియాజ్ ఫోన్ చేశాడు. మోహన ఆ పొద్దు సెలవు మీద గ్రౌండు గోడ మీద కూర్చుని ఉంది. స్పీకరు పెట్టింది. అప్పటికి అలవాటుగా ఢిల్లీబాబు కూడా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ సాయంత్రంలోగా రాకపోతే సీటు ఇంకో బిడ్డకు ఇచ్చేస్తారు. నేను చాలా చెప్పి ఆపినాను."

మోహన మైదానంలోకి కేక వేసింది. "లోహీ! బెంగళూరోళ్ళు పిలుస్తా ఉండారు. పోతావా?"

లోహిత బంతిని కాలి కింద ఆపింది. "ఇప్పుడా?"

"ఇప్పుడే."

నాకు పక్కన పంకజాక్షి ఊపిరి బిగబట్టడం తెలిసింది. ఆ పిల్ల 'ఊ' అంటే ఆ క్షణమే పెట్టె సర్దేది ఆమె.

"ఇప్పుడొద్దు మా. ఆట మధ్యలో ఉండాది" అంది లోహిత. బంతి తన్నుకుంటూ వెళ్ళిపోయింది.

పంకజాక్షి ఈల గట్టిగా ఊది, "ఏమ్మే, నిలబడి సూస్తారేంది, పరుగెత్తండి!" అని పిల్లల మీద అరిచింది.

"పెద్ద తప్పు సేస్తా ఉండావు మోహనా" అన్నాడు ఢిల్లీబాబు.

ఫోన్లో నియాజ్ నిట్టూర్చాడు. "ఇట్లాంటి అవకాశం మళ్ళా మీ ఇంటికి రాదమ్మా."

"రాకపోతే మానె నాయనా" అంది మోహన. "అది అడిగిన పొద్దు మేమే వస్తాం. బెంగళూరికి బస్సులుండాయి."