రికార్డు ఇచ్చే అలవాటు

పంజాగుట్ట మెట్రో దిగి కాస్త నడిస్తే ఒక కన్సల్టెన్సీ వస్తుంది. దాని గోడ మీద నా ఫొటో ఉంది. నల్ల గౌను, నెత్తిన చదరపు టోపీ, పళ్లన్నీ కనిపించే నవ్వు. నన్ను ఐర్లాండ్‌కు చదువుకు పంపింది వాళ్లే. పోయిన నెల ఆ ఓనరు ఫోన్ చేసి, ఈసారి వెళ్లే పిల్లలకు అక్కడి పద్ధతుల గురించి ఒక గంట మాట్లాడమన్నారు.

"చలి, వంట, రూమ్మేట్లు, అలా సరదాగా చెప్పండి మేడమ్ గారూ. పిల్లల్ని భయపెట్టకండి," అన్నారు. ఆయనది భీమవరం వైపు, మాట మెత్తన.

సరదాగా చెప్పాలట! నాకు ఒళ్లు మండింది. చలికి స్వెట్టర్ కొనుక్కోవచ్చు, ఫోర్కు పట్టుకోవడం రెండు రోజుల్లో వస్తుంది. నన్ను ముంచిన తేడా ఇంకొకటి ఉంది. నన్ను పంపేటప్పుడు దాని గురించి ఈ ఆఫీసులో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

మాది యూసుఫ్‌గూడ. ఇంజనీరింగ్‌లో మాకు ల్యాబ్ రికార్డు అని ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ప్రయోగం ఎవరో ఒకరు చేసేవారు. ఆ ఒక్కరి రికార్డు చూసి బ్యాచ్ మొత్తం రాసుకునేది. గ్రాఫులో చుక్కలు సైతం అలాగే దింపేవాళ్లం. సంతకం పెట్టే సారుకూ సంగతి తెలుసు. గీతలు స్కేలుతో గీశామా లేదా అన్నదే ఆయన చూసేది. అడిగితే రికార్డు ఇవ్వని పిల్లకు మస్తు పొగరు అని పేరొచ్చేది. తర్వాత అమీర్‌పేటలో కోర్సు చేస్తే అక్కడా అంతే. ఒకరి నోట్సు పొద్దున జిరాక్స్ షాపుకు వెళ్తే సాయంత్రానికి హాస్టల్లో అందరి చేతుల్లో అదే నోట్సు. ఇవ్వడం మాకు మర్యాద. దాన్ని నేరమనే దేశం ఒకటుంటుందని మాకెవరు చెప్పారు?

ఆ కోర్సులో నా పక్కన కూర్చున్న కృష్ణానగర్ పిల్లే ఐర్లాండ్‌లోనూ నా పక్క గదిలో ఉండేది. వాళ్ల నాన్న షూటింగులకు లైట్లు మోసే మనిషి. ఇంగ్లిషు మాట్లాడాలంటే తడబడేది గానీ చదువులో నాకంటే చురుకు. రెండో సెమిస్టర్‌లో ఆమెకు వారం పాటు జ్వరం వచ్చింది. క్లాసు గ్రూపులో అందరూ పూల బొమ్మలు పెట్టారు, త్వరగా కోలుకోమన్నారు. వచ్చి తలుపు తట్టినవాళ్లు ఒక్కరూ లేరు. ఏం మనుషులో! నేను మిరియాల చారు పెట్టి, గిన్నెలో పోసుకుని, దాంతోపాటు నా అసైన్‌మెంట్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా పట్టుకెళ్లాను.

"వద్దే. లేటయితే అయితది, నేనే చేసుకుంట," అంది.

"నువ్వేం ఫికర్ జెయ్యకు. జర అటిటు మార్చి పంపెయ్," అన్నాను.

మార్చే ఓపిక ఆమెకెక్కడిది? నాలుగు మాటలు మార్చి పంపేసింది. పది రోజులకు రెండు అసైన్‌మెంట్లూ ఒకేలా ఉన్నాయని యూనివర్సిటీ నుంచి ఇద్దరికీ పిలుపు వచ్చింది, వేర్వేరు గదుల్లోకి. నా ఎదురుగా కూర్చున్న అధికారిణి మంచినీళ్లు కావాలా అని అడిగి మరీ ఒక కాగితం చూపించింది. ఇచ్చినవాళ్లదీ తీసుకున్నవాళ్లదీ ఒకే తప్పట. జ్వరంతో పడి ఉన్న మనిషికి చారు ఇస్తే సాయం, అసైన్‌మెంట్ ఇస్తే నేరమా అని అడుగుదామని నోరు తెరిచాను. అంతలో ఆ అధికారిణే అంది: "మీకు తెలియకుండా తను తీసుకుని ఉంటే మీ తప్పు లేనట్టే."

నా ఇంగ్లిషు బాగుంటుంది. "నా ల్యాప్‌టాప్ ఎప్పుడూ హాల్లోనే ఉంటుంది. తను చూసి ఉండవచ్చు," అన్నాను. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

పక్క గదిలో కృష్ణానగర్ పిల్ల నిజమే చెప్పింది, నేనే ఇచ్చానని. వాళ్లు నన్ను నమ్మారు. కాపీ కొట్టినందుకు ఆమెకు ఒక శిక్ష, అబద్ధం ఆడినందుకు ఇంకొకటి. సీటు పోయింది, దాంతో వీసా పోయింది. వెళ్లే రోజు చారు గిన్నె శుభ్రంగా కడిగి నా తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

తిరిగొచ్చాక కనపడిన ప్రతివాళ్ల దగ్గరా ఆ దేశాన్ని తిట్టాను. మనసు లేని మనుషులని, కాగితాలకు పుట్టినవాళ్లని తిట్టాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆమె ఇప్పుడు అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతోందని తెలుసు. మెట్రో ఆ స్టేషన్‌లో ఆగినప్పుడల్లా తల వంచి ఫోన్ చూసుకుంటాను.

కన్సల్టెన్సీ పిల్లలకు ఇదంతా చెప్పాను, అధికారిణికి నేను చెప్పిన ఆ మాట తప్ప. ఎవరికీ ఏమీ ఇవ్వకండి, అక్కడ సాయం చేసినా దొంగలంటారని గొంతు పెంచి చెప్పాను. గుమ్మం దగ్గర ఓనరు రెండుసార్లు దగ్గారు.

"నెగటివ్ ఎందుకండీ మేడమ్ గారూ..."

"మరి మీరెందుకు చెప్పలేదండీ మాకు? చెప్పుంటే ఆ పిల్ల బతుకు అట్లా అయ్యేదా?" అని ఆయన మీద అరిచాను. నాకు కాస్త హాయిగా కూడా అనిపించింది.

ముందు వరసలో ఒక అమ్మాయి అంతసేపూ నోట్సు రాసుకుంటోంది. పెన్ను ఆపి తలెత్తింది.

"ఇచ్చినోళ్లది, తీసుకున్నోళ్లది ఒకటే తప్పంటిరి గదక్కా. మరి ఆమెనొక్కదాన్నే ఎందుకు పంపిండ్రు? మీ ఫొటో గోడ మీదున్నది."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఇంగ్లిషులో అయితే చెప్పేదాన్నేమో. ఆ పిల్ల మా యూసుఫ్‌గూడ మాట మాట్లాడింది.

"నేనే ఇచ్చిన," అన్నాను. "నాకు తెల్వకుండ తీసుకుందని చెప్పిన."

ఆ అమ్మాయి నా వంక, తర్వాత గోడ మీది ఫొటో వంక చూసి, మెల్లగా అంది:

"గీ మాట గక్కడ చెప్పేదుండె గదక్కా."