చివరి చెక్క

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో, ఒక టౌన్‌హౌస్ వెనక చెక్క డెక్ మీద పని చివరికొచ్చింది. ఇంక ఒక్క చెక్కకే రంగు వేయాలి. గాజు తలుపు తట్టి, రెయిలింగ్ వైపు తిరిగి నిలబడ్డాను. చుట్టూ అప్పుడే స్టెయిన్ రంగు వేసిన చెక్క వాసన. కాసేపటికి వెనక నుంచి గొళ్లెం తీస్తున్న చప్పుడు, ముందు చిన్నగా గీసుకుని, తర్వాత 'టక్' మని. ఆ వాసనా ఆ చప్పుడూ కలిస్తే చాలు, నాకు సులోచనక్క గుర్తొస్తుంది. "సారీ అండీ, లేటయిందా?" అంది ఇంటావిడ. లేదన్నాను. నాకు ఓపిక ఎంత తక్కువో మా ఆయన్ని అడిగితే కథలు కథలుగా చెబుతారు. మైక్రోవేవ్ ముందు కూడా నిలబడలేను, సగంలోనే తీసి చల్లన్నం తినేసే రకం. మూసిన గాజు తలుపు ముందు మాత్రం ఎంతసేపైనా నిలబడతాను.

సులోచనక్క నాకు చుట్టం కాదు. రాజమండ్రి మనిషి. ఇళ్ల వెనక చెక్క డెక్‌లు కడిగి రంగు వేసే చిన్న వ్యాపారం నడిపేది. ఒక పాత వ్యాను, నీళ్లు చిమ్మే మిషను, నాలుగు బ్రష్షులు, అదే ఆవిడ కంపెనీ. మా పరిచయం పోట్లాటతో మొదలైంది. ఆ ఏడాదే నాకు వర్క్ పర్మిట్ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. ఎవరిమీద చూపించాలో తెలియని కోపంతో మా డెక్ మీద గుమ్మడి వడియాలు పెట్టుకున్నాను. పక్కింటి డెక్ కడుగుతున్న ఆవిడ మిషను నీళ్లకి అవి కొట్టుకుపోయాయి.

"ఏందమ్మా, కండ్లు కనపడ్తలేవా? మా వడియాలన్నీ పాయె!" అని రెయిలింగ్ మీది నుంచి వంగి అరిచాను. మాది వరంగల్. కోపమొస్తే ముందు ఊరే మాట్లాడుతుంది.

ఆవిడ మిషను ఆపింది. జీన్సు ప్యాంటు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చెమటకు కాస్త పక్కకు జారిన ఎర్రబొట్టు. నన్ను తీరిగ్గా ఎగాదిగా చూసింది. "తప్పు నాదేనమ్మా. రేపొచ్చి మళ్లీ పెట్టిస్తాను. ఇంతకీ ఇంత గొంతేసుకుని ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావే?" అంది. మర్నాడు నిజంగానే గుమ్మడికాయ పట్టుకొచ్చింది. వడియాలు పెట్టడం పూర్తయ్యేలోపు నన్ను పనిలో పెట్టేసుకుంది.

కడగడం నా పని, రంగు వేయడం ఆవిడ పని. కడిగిన చెక్క లోపలిదాకా ఆరితేనే రంగు పీల్చుకుంటుంది. ఆవిడ వేళ్లతో నాలుగు నీళ్ల చుక్కలు చిలకరించి, అవి ఇంకుతాయో లేదో వంగి చూసేది. ఇంకకపోతే సామాను సర్దించేసేది. "ఇవాళే వేసేయండి ఆంటీ, ఈవెనింగ్ బర్త్‌డే పార్టీ ఉంది" అని ఇంటివాళ్లు బతిమాలేవారు. "వేస్తాను నాయనా, మీ గెస్టులు పాదాలకి పారాణి పెట్టుకుని వెళ్తారు, ఫర్వాలేదా?" అనేది. వాళ్లు నవ్వి ఊరుకునేవారు. నేను మాత్రం వ్యాన్‌లో కూర్చుని చిరచిరలాడేదాన్ని. బ్రష్ నా చేతికి ఇచ్చేది కాదు. తలుపు తెల్ల చట్రం పక్కన, టేపు కూడా అంటించకుండా, ఆవిడ లాగిన అంచు తిన్నగా పోయేది. దాన్ని చూసుకుని మురిసిపోయేది కూడా. ఆ మురిపెం నాకెంతో ఇష్టంగా ఉండేది.

ఇక్కడి టౌన్‌హౌస్‌ల డెక్‌లకు చాలావాటికి మెట్లుండవు. పై అంతస్తులో వంటింటి పక్కన గాజు తలుపు తీస్తే డెక్, అంతే. అందుకని దూరపు రెయిలింగ్ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ తలుపు దాకా రావాలి. చివరి చెక్కకు మాత్రం ఇంట్లోకి వెళ్లి, గడప లోపల పాత దుప్పటి పరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని బయటికి వంగి రంగు వేయాలి. తలుపు తెరిచి ఉంటేనే పని పూర్తవుతుంది.

ఒకరోజు ఆ తలుపుకి గొళ్లెం పడింది. ఇంటావిడ కూతుర్ని డాన్స్ క్లాస్‌కి తీసుకెళ్తూ అలవాటు కొద్దీ వేసేసింది. ఇంటాయన బేస్‌మెంట్‌లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీటింగ్‌లో ఉన్నాడు. మా ఫోన్లు వ్యాన్‌లో. ముందంతా తడి రంగు, వెనక మూసిన తలుపు, మధ్యలో ఒక్క చెక్క, దానిమీద మేమిద్దరం. నేను అరచేతులు మండేదాకా గాజు బాదాను.

"తొక్కుకుంట పోదామా అక్కా? మళ్ల వేద్దాం."

"ఎక్కడికి పోతావే, మెట్లెక్కడున్నాయి? రెయిలింగెక్కి దూకుతావా? కూర్చో."

తలుపుకి వీపులానించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. ఖాళీగా ఎందుకని ఆవిడ చట్రం పక్కన మిగిలిన అంచుకు బ్రష్ ఆనించింది. చెయ్యి వణికింది. తెల్లటి చట్రం మీద గోధుమరంగు మరక పడింది. గబుక్కున గుడ్డతో తుడిచేసింది.

"ఏమైందక్కా చెయ్యికి?"

"ఎండ."

"ఎండకు చెయ్యి వణుకుతదా?"

గుడ్డ మడిచి పక్కన పెట్టి, తడి రంగు వైపు చూస్తూ చెప్పింది. "పోయిన చలికాలం నుంచీ ఇంతే. నరాల జబ్బుట. మందులేసుకుంటే నెమ్మదిస్తుందిట, పోదుట. మీ బావగారికి చెప్పలేదు. చెప్తే రేపే వ్యాన్ అమ్మేస్తారు. ఈ పని లేకపోతే నేనేం చేస్తానే కవితా?"

ఎవరినైనా నవ్వుతూ దారికి తెచ్చే మనిషి గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. చెయ్యి చాపాను. ఆవిడ ఆ చేతిని చూసి, అందులో బ్రష్ పెట్టింది.

"నాకు రాదక్కా. తెల్లదానికి అంటుకుంటది."

"దోసెలు వేస్తావుగా?"

"నా దోసెలు గుండ్రంగ రావు."

"అయితే ఇదీ తిన్నగా రాదు. వెయ్యి, తుడుచుకుందాం."

వేశాను. వంకర పోయింది. తుడిచింది. మళ్లీ వేశాను. "ఊపిరి బిగబట్టకు. చెయ్యి ఆపకు" అంటూ పక్కనే ఉంది. ఇంటాయన కాఫీకి పైకొచ్చి, గాజుకి అతుక్కున్న మా వీపులు చూసి కప్పు వదిలేసినంత పని చేశాడు. "అయ్యో ఆంటీ, నాక్ చేయాల్సింది కదా!" అన్నాడు. మేమిద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. అందులో కొన్ని నవ్వువి కావు.

బావగారికి తర్వాత తనే చెప్పింది. వ్యాన్ అమ్మాలని ఆయన, చస్తే అమ్మనని ఈవిడ. చివరికి బ్రష్షూ వ్యాన్ తాళాలూ నా చేతికొచ్చాయి. తను మాత్రం ఇంటి లోపల మడతకుర్చీ వేయించుకుని, తలుపులోంచి చూస్తూ "అక్కడ మందమైంది, లాగు" అని నా ప్రాణం తీసేది. అలా కొన్ని వేసవులు గడిచాయి. ఆ తర్వాత వ్యాన్ ఎక్కలేకపోయింది.

ఆవిడ చూస్తుండగా నేను చివరిసారి రంగు వేసింది ఆవిడ ఇంటి డెక్‌కే. అదీ మెట్లు లేనిదే. లోపల గాజు పక్కన కుర్చీలో కూర్చుని నా పనంతా చూసింది. చివరి చెక్క దగ్గరికొచ్చి తలుపు తట్టాను. ఏసీ పోతుందని బావగారు గొళ్లెం పెట్టేశారు. అక్క మెల్లగా లేచింది. చెయ్యి గొళ్లెం దాకా వచ్చి జారిపోయింది. మళ్లీ ఎత్తింది. బావగారు పరుగున వచ్చారు.

"ఉండండి. అది తట్టింది నాకోసం" అనడం గాజులోంచి వినపడింది.

నా చెయ్యి మళ్లీ తట్టడానికి లేచింది. దించేశాను. నేను చూస్తుంటే ఆవిడకి కష్టమని రెయిలింగ్ వైపు తిరిగాను. వెనక గొళ్లెం గీసుకునేది, ఆగేది, మళ్లీ గీసుకునేది. నా వెనక ఆ మనిషి తనతో తను పోట్లాడుకుంటోంది. చాలాసేపటికి 'టక్' మంది.

"లేటయిందా?" అంది, రొప్పుతూ.

"లేదక్కా. ఇప్పుడే కదా తట్టిన."

ఆవిడ నమ్మలేదు. నమ్మినట్టు నవ్వింది. నేను లోపలికెళ్లి, దుప్పటి పరుచుకుని, ఆవిడ పాదాల పక్కన కూర్చుని ఆ చివరి చెక్కకు రంగు వేశాను. అంచు తిన్నగా వచ్చింది. ఆ చలికాలం దాటకుండానే ఆవిడ వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా చివరి చెక్కకి ముందు తలుపు ఒక్కసారే తడతాను. గొళ్లెం మీద ఎవరి చెయ్యి ఉందో నాకు తెలియదు. రెయిలింగ్ వైపు తిరిగి నిలబడతాను.