ఏనుగు గుండు దాకా

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో ఏ అవసరమూ లేకుండా పరిగెత్తే మనుషులు ఇద్దరే ఉండేవారు. ఒకడు మొగిలి, రెండోవాడు అతని బామ్మర్ది నర్సింగం. బస్సు కోసం పరిగెత్తడం అందరికీ తెలుసు. తెల్లారీ తెల్లారకముందే గోదావరి ఇసుకలో ఊరికే పరిగెత్తడమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. "ఎనక పులి గిట్ల తరుముతున్నదా?" అని చేపలు పట్టేవాళ్లు నవ్వేవారు.

ఇద్దరూ గనిలో బొగ్గు నింపే పనివాళ్లు. ఎనిమిది గంటలు కప్పు కింద నడుం వంచి ఉండేవాళ్లకు, తల మీద ఆకాశం తప్ప ఇంకేమీ లేనిచోట నిటారుగా పరిగెత్తడం ఎంత సుఖమో పైన బతికేవాళ్లకు తెలియదు. అరికాళ్లకు చల్లటి ఇసుక, ముక్కుకు నీటి వాసన. సగం దూరం పోయేసరికి ఒళ్లు వెచ్చబడి కాళ్లు వాటంతటవే సాగేవి. మొగిలి సంతోషం పట్టలేక కేకలు పెట్టేవాడు. నర్సింగం ఏనాడూ బావను దాటి పోలేదు. తనకింకా బోలెడు ఊపిరి ఉందని, మర్యాద కోసమే వెనక ఉంటున్నానని అనుకునేవాడు.

ఏటా వరద తగ్గి ఇసుక తేలగానే ఒడ్డున ఒక తుమ్మ కట్టె పాతేవారు. గని సైరన్ ఆరింటికి ఒకసారి, పావుగంటకు మరోసారి మోగేది. మొదటి సైరన్‌కు కట్టె దగ్గర బయల్దేరి, రెండోది మోగేలోపు మైలున్నర అవతల ఏనుగు గుండు అనే బండరాయిని చేత్తో తాకాలి. ఏడేళ్లు తాకారు.

ఎనిమిదో ఏడు, దసరా వెళ్లాక ఒకరోజు, గుండు ఇంకా ఇరవై అంగల దూరంలో ఉండగానే సైరన్ మోగింది. మొగిలి ఇసుకలో కూలబడి దగ్గాడు. నల్లగా ఉమ్మాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నా పని అయిపోయిందిరా," అన్నాడు.

తనకు సైకిల్ నేర్పి, గనిలో కొలువు చూపించి, పెళ్లి కాని తనను ఇంట్లో పెట్టుకుని సాకుతున్న మనిషి అట్లా అయిపోవడం నర్సింగం చూడలేకపోయాడు. సాయంత్రం ఒక్కడే వెళ్లి కట్టె పీకి, ముప్పై అంగలు ముందుకు పాతాడు. మర్నాడు మంచులో మొగిలికి తేడా తెలియలేదు. గుండు తాకి గంతులు వేశాడు. మంచి పనే చేశాననుకున్నాడు నర్సింగం.

చలికాలం నడుమ డాక్టరు మొగిలి ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తులకు దుమ్ము పట్టిందన్నాడు. ఇక గని దిగొద్దని, పైపని రాసిస్తానని చెప్పాడు. మొగిలి వద్దని లేచి వచ్చాడు.

"తమ్మీ, నా మాట ఇంటలేడు. నువ్వు చెప్తె ఇంటడు," అని మొగిలి భార్య పూలమ్మ తమ్ముణ్ని బతిమాలింది.

నర్సింగం చెప్పాడు. "బావా, డాక్టర్ మాట ఇను. పైన పని చేసుకో."

మొగిలి నవ్వాడు. "రోగం ఉన్నోడు ఏనుగు గుండు దాక ఉరుకుతడారా? రోజు నువ్వే చూస్తున్నవ్ గద!"

నిజం చెబితే బావ ముఖం ఎట్లా వాడిపోతుందో తలచుకున్నాడు నర్సింగం. ఆ సాయంత్రం మళ్లీ వెళ్లి కట్టె జరిపాడు. పిరికితనానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడం మనుషులందరికీ వచ్చు, నర్సింగానికీ వచ్చింది. మాఘమాసం వచ్చేనాటికి కట్టె కొద్దికొద్దిగా మూడు వందల అంగలు జరిగింది.

ఆ మాఘంలోనే ఒకరోజు, షిఫ్టు దిగి గని ఏటవాలు దారిలో పైకి ఎక్కుతూ మొగిలి చతికిలబడ్డాడు.

"గిక్కడ్నే ఉండు బావా, మనుషుల్ని పిలుస్త," అన్నాడు నర్సింగం.

"ఎందుకురా? పొద్దుగాల గుండు దాక ఉరికినోనికి గీ ఎక్కుడు ఓ లెక్కనా?" అని మొగిలి లేచాడు. నాలుగు అడుగులు వేశాడు. ఆ నాలుగే. పైకి మోసుకొచ్చేసరికి ప్రాణం లేదు.

దినాలు అయిన మర్నాడు నర్సింగం ఒక్కడే గోదావరికి పోయాడు. కట్టె పీకి, మూడు వందల అంగలు వెనక్కి లెక్కపెట్టి పాతచోట పాతాడు. బావ దగ్గర తాను దొంగిలించిన దూరం తనైనా పరిగెత్తాలనుకున్నాడు. సైరన్ మోగింది. ఈసారి ముందు ఎవరూ లేరు, ఆగాల్సిన పని లేదు. ఉన్న ఊపిరంతా పెట్టి పరిగెత్తాడు.

గుండు మంచులో ఇంకా మసకగా ఉండగానే రెండో సైరన్ మోగింది. మిగిలిన దూరం నడుస్తూ కొలుచుకున్నాడు. రెండు వందల అరవై అంగలు. గుండుకు ఆనుకుని దగ్గితే ఇసుక మీద నల్లగా పడింది. బావ పోయిన రోజు కూడా అంత భయం వేయలేదు. ఆ సంగతి తెలిసి సిగ్గు వేసింది.

ఇంటికి వచ్చేసరికి పూలమ్మ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. మొగిలిని రోజూ అడిగే మాటే అడిగింది.

"ఉరికినవా తమ్మీ? గుండు ముట్టినవా?"

"ముట్టలే అక్కా," అన్నాడు. "బావ సుత ముట్టలే. దసరా నుంచి కట్టె నేనే జరుపుకుంట వచ్చిన. బావ పానం బాగనే ఉన్నదనుకున్నడు."

పూలమ్మ రెండు చేతులతో అతని రొమ్ము మీద కొట్టింది. ఏడుస్తూ కొట్టింది. ఆ దెబ్బలకు నర్సింగం దగ్గు తెరతో వంగిపోయాడు. పూలమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ దగ్గు ఆమె ఎరిగినదే.

అతని చేతిలోంచి టిఫిన్ డబ్బా లాక్కుంది.

"డ్యూటీకి పోకు," అంది. "పా, దవాఖానకు."