ముందు వేయించొద్దన్న టైర్లు

మొన్నామధ్య మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా ఇంటి ముందు కారాపి, డిక్కీ తెరిచి, అందులో పడుకోబెట్టుకొచ్చిన రెండు టైర్లను నాకు మహా మురిపెంగా చూపించింది. యూనివర్సిటీ స్నేహితులతో కలిసి మంచు చూడ్డానికి కొండ మీదకి వెళ్తోందట, ఎవరో స్నేహితురాలి నాన్న గరాజ్‌లో ఊరికే పడున్న, మంచులో పట్టు జారని వింటర్ టైర్లు రెండు ఇచ్చాడట, వాటిని ఒక జత చక్రాలకు బిగించుకుని, రెండో జతకి ఏడాది పొడుగునా ఉండే ఆల్ సీజన్ టైర్లనే ఉంచేస్తుందట. నాలుగూ ఒకటే రకం ఉండాలి కదే అని నేను తెలుగులో అంటే, అది ఎప్పట్లాగే ఇంగ్లీషులో, "ఇట్స్ ఫైన్ అమ్మమ్మా, టూ ఈజ్ బెటర్ దాన్ నన్" అని నవ్వింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. నేను వేసిన కేకకి ఎదురింటావిడ కిటికీ తెర పక్కకి జరిపి మరీ చూసింది. ఆ రెండు టైర్లూ అక్కడికక్కడే దింపించి, బస్సుకి వెళ్తానని దాని చేత ఒట్టు పెట్టించుకున్నాక గానీ నా గుండె కుదుటపడలేదు. ఇంత గొడవ ఎందుకు చేశానో దానికి చెప్పబోయాను గానీ, సగం చెప్పేసరికే దాని చూపు ఫోను మీదకి పోయింది. పోనీలెండి, మన ఈడు వాళ్ళకయితే చెప్పుకోవచ్చు, గోడకి తగిలించిన ఫోను తీగ ఎంత దూరం వస్తే అంత దూరమే నడుస్తూ మాట్లాడిన వాళ్ళం కదా మనం.

మా పెళ్ళైన కొత్తలో మావారికి ఇక్కడ మంచు కొండల్లో, ఒక ఆనకట్ట దగ్గర ఉద్యోగం వచ్చింది. ఆస్ట్రేలియా అంటే ఎండా, సముద్రమూ అనుకుని పెట్టె నిండా నూలు చీరలు సర్దుకొచ్చిన నన్ను, కంపెనీ వాళ్ళు కట్టించిన చిన్న ఊళ్ళో, రేకుల కప్పు ఇంట్లో దింపారాయన. ఊరంటే ఊరా అది, ఒక వరస ఇళ్ళు, ఒక కొట్టు, ఒక పెట్రోలు బంకు, ఆ వెనక మొండి కొమ్మల యూకలిప్టస్ చెట్లు, అంతే. ఆయనకేం, నీళ్ళన్నా కాంక్రీటన్నా ప్రాణం, పొద్దున్నే బూట్లు తొడుక్కుని ఆనకట్ట మీదకి వెళ్ళి, సాయంత్రం ముక్కు ఎర్రగా కందిపోయినా మొహం మాత్రం వెలిగిపోతూ వచ్చేవారు. నేనేమో గుంటూరులో డాక్టరీ చదివి, కాన్పుల వార్డులో ఊపిరాడనంత పని చేసి వచ్చినదాన్ని, ఇక్కడ వీళ్ళ పరీక్ష పాసయితే తప్ప చేతికి స్టెతస్కోపు రాదన్నారు. కారు నడపడం రాదు, వచ్చినా వెళ్ళే చోటు లేదు, పలకరించే మనిషి లేదు. మొదటి శీతాకాలం మంచు కురుస్తుంటే అబ్బా ఎంత బాగుందో అని అమ్మకి ఉత్తరం రాశాను. మూడో శీతాకాలానికి ఎవరో నా మీద తెల్ల దుప్పటి కప్పి నాలుగు మూలలా అదిమి పట్టుకున్నట్టుండేది. మధ్యాహ్నం వేళ గదుల్లో తిరుగుతూ నాలో నేను మాట్లాడుకుంటున్నానని గమనించిన రోజున నాకు నిజంగా భయమేసింది.

ఆ పరీక్ష ఒక్కటే నాకు బయటికి దారి. రాతపరీక్ష గట్టెక్కాను గానీ, మెల్‌బోర్న్‌లో మనుషుల్ని రోగులుగా కూర్చోబెట్టి పెట్టే పరీక్షలో మొదటిసారి తప్పాను, అది కూడా ఎలాగనుకున్నారు, రోగిగా కూర్చున్న ముసలాయన వారం నుంచీ కాస్త "క్రూక్"గా ఉందమ్మా అంటే, మనం చదువుకున్న ఇంగ్లీషులో క్రూక్ అంటే మోసగాడు కనక, పాపం ఈయన్ని ఎవరు మోసం చేశారో అని నేను సానుభూతిగా ఆరా తీశాను. ఒంట్లో బాగోలేదనడానికి ఇక్కడ అలా అంటారని బయటికొచ్చాక ఎవరో చెప్పారు. ఏం చెప్పను నా రాత. రెండోసారి పిలుపు రావడానికి చాలా కాలం పట్టింది, అదీ ఒక శనివారం పొద్దున, అది గనక తప్పితే మళ్ళీ ఏడాది పైమాటే అన్నారు. ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఉండలేనని నాకు తెలుసు, ఉంటే ఏమవుతానో మాత్రం తెలియదు.

సరిగ్గా ఆ వారమే ఆగకుండా మంచు పడింది. ఉద్యోగుల బస్సు నిలిచిపోయింది. మా స్టేషన్ వాగన్‌కి ఉన్నవి ఆల్ సీజన్ టైర్లు, అవి వానకీ ఎండకీ సరేగానీ ఆ మంచులో కొండ దిగడానికి చాలవు, అందుకని మావారు బంకులో మెకానిక్‌తో చెప్పి నాలుగు వింటర్ టైర్లు తెప్పించబోతే, కింద నుంచి రెండే వచ్చాయి, మిగతా రెండూ సోమవారం లారీలో వస్తాయన్నాడతను. చక్రాలకు చుట్టే గొలుసులు లేవా అంటారేమో, ఉన్నాయి, డిక్కీలోనే భద్రంగా ఉన్నాయి, కాకపోతే అవి అంతకు ముందు అమ్మేసిన చిన్న కారువి, దీని చక్రాలకి పట్టవు. ఈ సంగతి ఆ వారం దాకా మా ఇద్దరికీ తట్టలేదు.

రెండే వేయించుకోవచ్చా అని మావారు గురువారం సాయంత్రం బంకు నుంచే మెల్‌బోర్న్‌కి ఫోను చేసి, వాళ్ళ బావగారిని, అంటే మా పెద్దాడపడుచు భర్తని, అడిగారు. ఆ అన్నయ్యగారు మాకంటే ముందు అవే కొండల్లో పని చేసి వెళ్ళిన మనిషి, మంచు సంగతి ఆయనకి బాగా తెలుసు. పరీక్షకి నేను దిగాల్సింది కూడా వాళ్ళింట్లోనే. ఇంటికొచ్చాక మావారు నాతో చెప్పింది ఒక్కటే, ముందు చక్రాలకు వేయించొద్దని బావగారన్నారు, అందుకని వెనక చక్రాలకు వేయించేశాను, పొద్దున్నే బయల్దేరదాం అని. నాకు టైర్ల సంగతేం తెలుసు, ఇద్దరు ఇంజనీర్లు మాట్లాడుకున్నారు కదా, సరే అనుకుని పులిహోర కలిపి డబ్బాలో పెట్టాను. మెల్‌బోర్న్‌లో బాగు చేయించడానికి నా కుట్టు మిషను తలని పాత దుప్పటిలో చుట్టి బండిలో పెట్టాను.

శుక్రవారం ఆకాశం కాస్త తెరిపి ఇచ్చింది. మా ఊరి నుంచి రోడ్డు ముందు పైకెక్కి, ఆ తర్వాత మలుపులు తిరుగుతూ కిందికి దిగుతుంది. ఆ బండి ఇంజను బలమంతా వెనక చక్రాలకే వెళ్ళే రకం కనక, ఎక్కినంతసేపూ ఆ కొత్త టైర్లు మంచుని కరిచి పట్టుకుని ఎక్కేశాయి, మావారు చూశావా చూశావా అంటూ చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. నేనూ నవ్వాను, చాలా కాలానికి. దిగడం మొదలయ్యాక రెండో మలుపులోనో మూడో మలుపులోనో ఆయన స్టీరింగ్ ఎడమకి తిప్పారు, ముందు చక్రాలు తిరిగాయి, బండి మాత్రం తిరగలేదు. బ్రేకు నొక్కినా అది తిన్నగానే పోయింది, వేగంగా కూడా కాదు, నిదానంగా, మేం చూస్తుండగానే, రోడ్డుకి అడ్డంగా జారుకుంటూ పోయి కుడి పక్క కొండవార కాలవలో దిగబడింది. కాలవ నిండా మంచు. ఆయన వైపు తలుపు కొండకి అదుముకుపోయింది, నా వైపు పైకి లేచిపోయింది, రివర్సు వేస్తే వెనక చక్రం ఒకటి నేలకి ఆనకుండా గిర్రున తిరిగింది. ఇటు కాకుండా ఎడమ పక్కకి జారి ఉంటే అక్కడున్నది లోయ.

పొగ గొట్టం మంచులో కూరుకుపోతే ఆ పొగ లోపలికొచ్చి మనుషుల్ని నిద్రలోనే తీసుకుపోతుంది, ఆ మాత్రం డాక్టరీ నాకింకా గుర్తుంది కనక ఇంజను ఆపించేశాను. ఇక చలి మొదలైంది. నా వైపు తలుపు పైకి నెట్టి బయటపడొచ్చు, పడి ఎక్కడికి పోతాం, ముందూ వెనకా మనిషన్న జాడ లేదు, పొగమంచు దిగి పది అడుగుల అవతల రోడ్డే కనపడటం లేదు. మిషను చుట్టిన దుప్పటి విప్పి ఇద్దరం కప్పుకున్నాం, నూనె కంపు కొడుతూ. పక్కకి ఒరిగిన బండిలో ఎంత సర్దుకు కూర్చున్నా నేను ఆయన మీదకే జారిపోతున్నాను, కోపంగా దూరం జరుగుదామన్నా వీల్లేదు. మధ్యాహ్నం అయింది. అద్దాల మీద మంచు పేరుకుని లోపల వెలుతురు కూడా తగ్గిపోయింది. మర్నాడు పొద్దున్నే నేను కూర్చోవలసిన బల్లా, అక్కడ పిలవబోయే నా పేరూ తలుచుకుంటూ అద్దం మీది ఆవిరిని చేత్తో తుడిచాను. ఇంట్లో నా చుట్టూ ఉన్న గోడలే ఇక్కడికీ వచ్చి, ఇంకాస్త దగ్గరకి జరిగాయి, అంతే తేడా.

అప్పుడు అడిగాను, అన్నయ్యగారు ఫోనులో అన్నదేమిటో ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పండి అని. ఆయన అద్దం వైపు చూస్తూ చెప్పారు.

"రెండే అయితే ముందు వేయించకు, అన్నారు బావగారు."

మన భాషలో ముందు అన్న మాట ఎంత తుంటరిదో ఆలోచించండి. బండికి ముందు వైపూ ముందే, తొందరపడి ముందుగా చెయ్యడమూ ముందే. ఆ మాట చెవిన పడగానే నాకు తెలిసిపోయింది, అన్నయ్యగారు ముందు చక్రాల సంగతి అనలేదు, నాలుగూ వచ్చేదాకా ముందుగా వేయించొద్దు, ఆగమన్నారు. ఈ పెద్దమనిషి ఆ మాట పట్టుకుని వెనక చక్రాలకు వేయించుకొచ్చారు! నా నోటికి ఇక అడ్డు లేకుండా పోయింది. తెలుగు మాట తెలియని మీరేం ఇంజనీరండీ అన్నాను, ఆ కాంక్రీటేదో మీ చెవుల్లోనే పోసుకున్నారా అన్నాను, ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడెందుకు. చివరికి, అన్నాళ్ళూ దాచుకున్న మాట కూడా బయటికొచ్చేసింది.

"మీకు కావాల్సింది ఇదేగా. నేను ఈ కొండ మీద పడి ఉండటమేగా."

ఆయన చేతులు రెండూ ఆగిపోయిన బండి స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"నాకు అర్థం కాకపోవడం కాదు," అన్నారు. "ఆగమనే అన్నారాయన. సోమవారం దాకా ఆగితే నీ పరీక్ష పోతుంది. ఆ మాట నీకు చెబితే నువ్వే ప్రయాణం మానేసేదానివి. నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే మాట్లాడుకోవడం నేను విన్నాను."

నాకు కోపం వచ్చింది, ఇద్దరి ప్రాణాలూ లోయ అంచుకి తెచ్చిన మనిషి మీద రాకుండా ఎలా ఉంటుంది, అది తెలివితక్కువ పని, ఇవాళ్టికీ అదే అంటాను. కానీ నేనలా గదుల్లో తిరుగుతూ మాట్లాడుకోవడం ఎప్పుడు విన్నారో, విని ఎన్నాళ్ళు లోపల పెట్టుకున్నారో అనుకునేసరికి ఏడుపు ఆగలేదు. ఆయనతో ఒక మాట అనాలని నోరు తెరిచాను, ఏడుపు తప్ప మాట రాలేదు. అంతలో దూరంగా మంచు తోసే బండి చప్పుడు వినపడి, ఇద్దరం పిచ్చివాళ్ళలా హారన్ నొక్కడం మొదలుపెట్టాం.

దాని డ్రైవరు నా వైపు తలుపు పైకెత్తి పట్టుకుని, తల లోపలికి పెట్టి, "యూ రైట్?" అన్నాడు, బాగానే ఉన్నారా అని. మేం ఏ రకంగానూ రైట్‌గా లేము, అయినా రైట్ అనే అన్నాం. కింద రోడ్డు మూసేశారట, అందుకని మమ్మల్ని కాలవలోంచి లాగి తిరిగి మా ఊరికే చేర్చాడు. మర్నాడు పరీక్ష వేళకి నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను, ఆ రోజు కళ్ళు మండినందుకు ఉల్లిపాయల్ని అనలేను. సోమవారం మిగతా రెండు టైర్లూ వచ్చాయి, నాలుగూ ఒకటే రకం అయ్యాయి, వెళ్ళాల్సిన చోటే లేదు.

ఆ ఏడాది ఎలా గడిచిందని అడిగితే, గడిచింది, అంతే. కాకపోతే మధ్యాహ్నం పూట ఆయన భోజనానికి ఇంటికి రావడం మొదలుపెట్టారు, ఆనకట్ట నుంచి అంత దూరం ఎందుకండీ అంటే కాళ్ళు పట్టేస్తున్నాయి నడవాలి అనేవారు. నేను అబద్ధమని తెలిసీ ఊరుకునేదాన్ని. మరుసటి ఏడు పరీక్ష పాసయ్యాను, దేశానికి ఉత్తర కొసన డార్విన్ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. డార్విన్‌లో మంచు లేదు, ఆయన కట్టడానికి ఆనకట్టలూ లేవు. అయినా రాజీనామా రాసిచ్చి నాతో వచ్చేశారు, వానాకాలంలో ఊరి మురుగు కాలవలు పొంగకుండా చూసే ఆఫీసులో కుర్చీలో కూర్చున్నారు. ఎవరైనా అడిగితే, నీళ్ళు నీళ్ళే కదండీ అనేవారు. నాకు అక్కడ చేతి నిండా పని, కాన్పుల మీద కాన్పులు, ఇంటికొచ్చి కథలు కథలుగా చెబుతుంటే ఆయన అన్నీ వినేవారు.

ఇప్పుడు కాలం మారింది, ఏ రోడ్డు మూసేశారో ఫోనే చెబుతుంది, తెలుగు మాటకి తప్పు అర్థం తీసేంత తెలుగు మా మనవరాలికి రాదు. మారనిదల్లా మా ఇద్దరి కుర్చీలే, పక్కపక్కనే ఉంటాయి. ఆయనకి ఈమధ్య నిజంగానే వినపడటం లేదు. చెవికి మిషను పెట్టుకోమంటే గుయ్యిమంటోందని తీసి జేబులో వేసుకుంటారు. నేనేదైనా చెబుతుంటే, పాపం, నేను చిన్నబుచ్చుకుంటానని విన్నట్టే తల ఊపుతారు, విషయం ఏమిటని అడిగితే నవ్వేస్తారు. మందులు వేసుకున్నారా, భోజనానికి లేవండి, ఇలాంటివయితే గట్టిగా అరిచి చెబుతాను. ఆ రోజు ఆ బండిలో ఏడుపు అడ్డమొచ్చి ఆయనతో అనలేకపోయిన మాట ఒకటుంది, తీరిక దొరికినప్పుడు చెబుదాంలే అని ఇన్నేళ్ళూ వాయిదా వేశాను. ఇప్పుడు చెప్పాలంటే అరవాలి, అది అరిచి చెప్పే మాట కాదు.